బాలచిత్రకళ: ప్రజాస్థలములు, సమాజక్షేమము (విజయవాడ, కృష్ణా డెల్టా)

నిర్వచనము, పరిధి

బాలబాలికలు తమ చేతులతో, తమ యూహ ననుసరించి గీసిన చిత్రములను, తీర్చిన ముగ్గులను, మలచిన బొమ్మలను వీధి, కాలువగట్టు, ఉద్యానము, పాఠశాల ప్రహరి, గ్రంథాలయము, ఆసుపత్రి మొదలగు పదిమంది మెలగు తావులలో నిలిపి, తద్ద్వారా ఆ ప్రాంతవాసుల పరస్పర పరిచయమును, మనస్స్వాస్థ్యమును, తామున్న చోటిపై మమకారమును పెంపొందించు ప్రయత్నము ప్రజాస్థల బాలచిత్రకళ యనబడును. ఇందు మూడు వస్తువులను వేరుచేసి చూడవలెను. బాలల కొరకు పెద్దలు వేసిన చిత్రములు మొదటివి. అంగన్‌వాడీ గోడలపై కనిపించు అక్షరములు, ఏనుగులు, పండ్లబుట్టలు ఈ జాతివి. బాలలను గూర్చి పెద్దలు వేసినవి రెండవవి. బాలలే వేసినవి మూడవవి. వాడుకలో ఈ మూడింటిని కలిపి పిల్లల బొమ్మలని వ్యవహరింతురు గాని, మూడవది మాత్రమే ఇచ్చట ముఖ్యవిషయము.

కృష్ణా డెల్టా యనగా విజయవాడ దిగువన నదికి ఇరువైపుల సముద్రతీరము వరకు వ్యాపించిన కాలువల సీమ. 1852-55 నడుమ నిర్మింపబడిన ఆనకట్టచేతను, దాని స్థానమున 1957లో ముగిసిన ప్రకాశం బ్యారేజిచేతను ఈ సీమకు నీరందుచున్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకును, మచిలీపట్నము కృష్ణా జిల్లాకును ముఖ్యపట్టణములైనవి. నదికి పడమటనున్న డెల్టాభాగము గుంటూరు, బాపట్ల జిల్లాలలో చేరియున్నది.

పూర్వరూపములు: ముగ్గు, దసరా విల్లు, బొమ్మలకొలువు

గోడచిత్రము ఈ సీమకు క్రొత్తదైనను, పిల్లల చేతిపని వీధిలో నిలుచుట క్రొత్త గాదు. ధనుర్మాసారంభమున నెలగంట పెట్టినది మొదలు భోగి వరకు, తెల్లవారకమునుపే కళ్ళాపి చల్లిన వాకిళ్ళలో బాలికలు తల్లులతోడను, అక్కలతోడను కూర్చుండి చుక్కలు పెట్టి ముగ్గులు తీర్తురు. వాని నడుమ గుమ్మడిపూవులు తురిమిన గొబ్బెమ్మల నుంతురు. ఏడెనిమిదేండ్ల బాలిక మొదట చుక్కలు పెట్టుటకు, పిమ్మట పెద్దలు గీచిన గీతలలో రంగు నింపుటకు, తుదకు తానై మెలికలముగ్గు త్రిప్పుటకు అధికారము పొందును. ఇది పాఠ్యప్రణాళిక లేని శిక్షణ, పరీక్ష లేని ఉత్తీర్ణత. ఆమె పని ఇంటిలోపల దాగియుండక వాకిట నుండుటచేత పాలవాడు మొదలు పొరుగింటి అవ్వ వరకు దానిని చూచి, తప్పుపోయిన చుక్కను చెప్పి, బాగున్నదని మెచ్చి పోవుదురు. చిత్రము వేసిన బాలకును వీధికిని ఏర్పడు ఈ సంభాషణమే ఆధునికులు ప్రజాస్థలకళ వలన ఆశించు ఫలములలో ప్రధానమైనది.

సంక్రాంతి దినములు ముగియువేళ వేయు రథము ముగ్గు ఇంతకంటెను విశేషమైనది. ఒక యింటి వాకిట గీచిన రథమునకు త్రాడు గీచి, దానిని ప్రక్కయింటి రథమునకు కలుపుదురు. ఆ యింటి త్రాడు ఆపై యింటికి సాగును. ఇట్లు వీధి యంతయు ఒక్క గీతలో చేరును. పొరుగువారి నడుమ మాటలు లేని సంవత్సరమున త్రాడు ఎచ్చట తెగినదో చూచినవారికి తెలియును.

దసరా దినములలో వీధిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకొని యిల్లిల్లు తిరుగు ఆచారము ఇరువదవ శతాబ్ది మధ్యము వరకు డెల్టా గ్రామములలో సజీవముగ నుండెను. పిల్లలు వెదురుతో చేసి రంగుకాగితము లంటించిన విండ్లను ధరించి, వానితో పూలును బుక్కాయును చిమ్ముచు, పద్యములు పాడుచు పోవువారు. పంతులకు సంభావన, పిల్లలకు పప్పుబెల్లములు లభించెడివి. వేషము, రంగు, పద్యము, ఊరేగింపు కలసిన ఈ యాచారమున పాఠశాల ఊరికి తన పిల్లల నేర్పును చూపుకొనుటయు, ఊరు పాఠశాలను పోషించుటయు ఒక్కమారే జరిగెడివి. బొమ్మలకొలువులో పెద్దల పాత్ర హెచ్చు. అయినను తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మల నడుమ పిల్లలు మట్టితో ఊరు, చెరువు, పొలము కట్టి, ఆవాలు చల్లి మొలకెత్తించి పైరు చేయుట పెక్కిండ్ల వాడుక.

ఆధునిక చరిత్ర

బాలుడు గీచిన గీత పెద్దవాని గీతకు లోపభూయిష్టమైన అనుకరణము కాదనియు, దానికి స్వతంత్రమైన న్యాయము కలదనియు గుర్తించిన తొలివారిలో ఫ్రాంజ్ చిజెక్ ప్రముఖుడు. ఆయన వియన్నాలో 1897లో బాలచిత్రకళా తరగతిని నెలకొల్పెను. ఆంగ్ల విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ 1943లో ప్రకటించిన గ్రంథమున విద్య యంతయు కళాముఖముగ సాగవలెనని వాదించెను. భారతదేశమున శాంతినికేతనమందు నందలాల్ బోసు పరంపరయు, 1937లో వార్ధాలో రూపొందిన నయీ తాలీము విద్యాపద్ధతియు ఈ భావమునకు ఊతమిచ్చినవి. సేవాగ్రామమున చిత్రకళ నేర్పిన దేవీప్రసాద్ దానిని తన రచనలలో విపులీకరించెను. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో ఆరంభించిన బాలల చిత్రలేఖన పోటీ మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ మైనది.

డెల్టాలో ఈ చరిత్ర మచిలీపట్నముతో మొదలగును. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనికిని చిత్రకళకును సమానగౌరవ మిచ్చెను. వంగదేశీయుడైన ప్రమోదకుమార చట్టోపాధ్యాయ ఇచ్చట చిత్రకళ బోధించెను. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు 1930లలో కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను. త్రివర్ణపతాక రూపశిల్పిగ ప్రసిద్ధుడైన పింగళి వెంకయ్యయు ఇచ్చటి ఉపాధ్యాయుడే. అయితే ఆ చిత్రకళాశిక్షణ యువకుల కుద్దేశింపబడినది గాని పసిపిల్లల కుద్దేశింపబడినది కాదు.

పసిపిల్లల పని ముద్రణారూపమున పదిమందికి చేరుటకు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కృషి దారితీసినది. వారు 1945లో వెలువరించిన ‘బాల’ పత్రిక పిల్లలు స్వయముగ పంపిన వానికి తావిచ్చెను. విజయవాడలో వేగె కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పద్ధతిని అనుసరించి పాఠశాల స్థాపించి బాలల ఇంద్రియశిక్షణకు ప్రాముఖ్య మిచ్చెను. 2017లో ఆమె పద్మశ్రీ పురస్కారము నందినది.

సామాన్య పాఠశాలలలో మాత్రము చిత్రలేఖనము డ్రాయింగు మాస్టారి చేతిలో నుండెను. లోయరు, హయ్యరు గ్రేడుల సాంకేతిక పరీక్షలలో ఉత్తీర్ణులైనవారు ఆ పదవికి అర్హులు. పరీక్ష కొరకు కుండ, పుస్తకము, ఆకు ఉన్నవి యున్నట్లు దించుట నేర్పుటచేత చేతికి నిదానము వచ్చినది. ఊహకు చోటు తక్కువైనది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమునకు అనుబంధమైన కళావిద్యాపత్రము పదవ తరగతి వరకు కళలను తప్పనిసరి పాఠ్యాంశముగ జేయ వలెనని సూచించెను. 2020 జాతీయ విద్యావిధానమును కళాసమన్విత బోధనను పేర్కొన్నది.

విజయవాడ నగరమున ప్రస్తుత స్థితి

2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరముల సందర్భమున విజయవాడ గోడలు పెద్దయెత్తున చిత్రములతో నిండినవి. స్వచ్ఛభారత ఉద్యమము, దాని అంగమైన స్వచ్ఛ సర్వేక్షణ పోటీ ఈ పనిని కొనసాగించినవి. 2021 సర్వేక్షణలో నగరము దేశమున మూడవ స్థానము పొందెను. అమరావతీ శిల్పముల ఛాయలు, కూచిపూడి భంగిమలు, కొండపల్లి బొమ్మలు, పక్షులు ఈ చిత్రముల ముఖ్యవస్తువులు. వీనిలో అధికభాగము వృత్తిచిత్రకారులు వేసినవి. చెత్త పడు మూలలు, ప్రకటనలంటించు ప్రహరులు వీని వలన శుభ్రపడుట నిజమే. కాని నిర్వచనభాగమున చెప్పిన భేదము ననుసరించి ఇవి బాలచిత్రకళ కావు. నగరసౌందర్యమును బాలల భాగస్వామ్యముగ లెక్కించుట పొరపాటు.

2019 నవంబరు 14న ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమము తొలి దశలో 15 వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలకు మరమ్మతులు, మరుగుదొడ్లు, త్రాగునీరు, రంగులు సమకూర్చెను. బడిగోడ, మెట్టు, కిటికీ, నేల బోధనోపకరణములు కావలెనను ‘బాలా’ భావన వాస్తుశిల్పి కబీర్ వాజపేయి కృషివలన దేశమున వ్యాపించినది. తెలుగు పాఠశాలల గోడలపై కనిపించు పటములు, గుణింతములు, భిన్నములు దీని బంధువులే. ఇవియు ప్రధానముగ పెద్దల రచనలు. అయినను రంగు వేసిన ప్రతి పాఠశాలలో పిల్లల యెత్తున, నేలనుండి మూడునాలుగడుగుల మేర, వారి గీతకై ఒక పట్టీ విడువవచ్చును; ఖర్చు స్వల్పము, ఫలము గొప్ప.

బాలల పని బహిరంగముగ కనిపించు సందర్భములు విజయవాడలో లేకపోలేదు. 1989 నుండి ఏటేట జనవరి తొలి దినములలో జరుగు పుస్తకమహోత్సవమున పిల్లల పోటీలు వాడుక. అమరావతి బాలోత్సవము చిత్రలేఖనమును నాట్యము, నాటకము, కథారచనలతో సమముగ చేర్చుకొన్నది. కొత్తగూడెమున 1990ల ఆరంభమున మొలకెత్తిన బాలోత్సవ సంప్రదాయమే దీనికి స్ఫూర్తి. జిల్లా గ్రంథాలయములు వేసవి శిబిరములలో కథాపఠనముతోపాటు బొమ్మలు వేయించుచున్నవి. ఇందు గ్రంథాలయము సహజమైన వేదిక. 1911లో రామమోహన గ్రంథాలయమును, 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను చూచిన ఊరిలో పఠనాలయపు గోడ పిల్లల చిత్రములకు పరాయిది కారాదు. బందరు రోడ్డులోని పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియము చిత్రకారుడు బాపు పేర 2020 అక్టోబరులో పునఃప్రారంభమైనది. పేరునుబట్టియే బాలల ప్రదర్శనలకు తగిన చోటు.

గీత, దశలు, డెల్టా బాలుని ‘సీనరీ’

ఆస్ట్రియాలో జనించి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో బాలచిత్రవికాసమును దశలుగ విభజించెను. రెండు నుండి నాలుగేండ్ల వరకు పిచ్చిగీతలు. నాలుగు నుండి ఏడు వరకు వృత్తమునకు కాళ్ళు మొలచిన మనుష్యులు. ఏడు నుండి తొమ్మిది వరకు నేలగీత, పై యాకాశము, స్థిరపడిన సంకేతములు. ఆపై వాస్తవికతపై ఆసక్తి, దానితో ‘నాకు బొమ్మ రాదు’ అను సంకోచము. ఈ వయోభాగములు అన్ని దేశముల బాలలకు ఒక్కరీతిగ వర్తింపవని పిమ్మటివారు విమర్శించిరి. రోడా కెల్లాగ్ పది లక్షలకు పైబడిన బాలచిత్రములను సేకరించి పిచ్చిగీతలలోను క్రమమున్నదని చూపెను.

ఈ సీమలో గమనింపదగిన విషయమొకటి కలదు. అవనిగడ్డ, నాగాయలంక, రేపల్లె ప్రాంతముల పిల్లలను బొమ్మ వేయుమనినచో పెక్కుమంది రెండు త్రికోణపు కొండలు, నడుమ ఉదయించు సూర్యుడు, కొండల నడుమనుండి దిగివచ్చు నది, ప్రక్కన గుడిసె, కొబ్బరిచెట్టు గీయుదురు. దీనిని వారు ‘సీనరీ’ అందురు. కొండ యన్నది కంటికానని సమతలమున పుట్టిన బాలుడు కొండను గీచుటకు కారణము అతని కన్ను గాదు. తరగతినుండి తరగతికి సంక్రమించిన నమూనా. అతడు దినదినము చూచునది వేరు: లాకుల తలుపులు, వరికుప్పలు, గడ్డివాములు, బాతులమందలు, కాలువలో తేలు గుర్రపుడెక్క, కైకలూరు దిక్కున చేపలచెరువులలో తిరుగు ఏరేటర్లు. విజయవాడ కొండవాలు పేటలలో పుట్టిన బాలిక నిజముగ కొండను చూచును. కాని ఆమె కొండ త్రికోణము కాదు, మెట్లు, నీటిబిందెలు, ఒకదాని నెత్తిన ఒకటి నిలిచిన యిండ్లు. ఈ చూచినదానిని గీయుటకు ప్రోత్సహించినప్పుడే గోడపైని చిత్రము ఆ పేటవారికి తమదిగ తోచును. ఇంధనము, రహదారిభద్రత, నీటిపొదుపు వంటి నియతవిషయముల పోటీలు (ఇంధనపొదుపుపై జాతీయ చిత్రలేఖన పోటీ 2005 నుండి జరుగుచున్నది) పిల్లలలో పౌరజ్ఞానమును పెంచును. కాని రెండుచేతుల నడుమ భూగోళము, కన్నీరు కార్చు చెట్టు వంటి ఒకే మూసచిత్రములు ఊరూర పునరావృతమగుటకును ఇవియే కారణము.

రకములు

కాలపరిమితినిబట్టి ఇవి క్షణికములు (ముగ్గు, సుద్దతో రోడ్డుపై గీచినవి), తాత్కాలికములు (ప్రదర్శనలు, గుడ్డపై చిత్రములు), స్థిరములు (గోడచిత్రములు, పెంకుపలకలు) అని మూడు తెగలు. కర్తృత్వమునుబట్టి ఏకబాలకృతములు, సామూహికములు, చిత్రకారుని సహాయముతో వేసినవి. ఈ చివరి తెగలో చిత్రకారుడు రూపరేఖ గీచి పిల్లలచేత రంగు నింపించుట సులభమైన పద్ధతి. పిల్లలు కాగితముపై గీచిన దానిని గళ్ళుకట్టి గోడకు పెంచి, వంకరగీతను వంకరగనే ఉంచుట మేలైన పద్ధతి.

నిర్వహణవిధానము

డెల్టాలో గోడకు శత్రువు తేమ. కాలువచెంత గోడలు అడుగునుండి చెమ్మ పీల్చును, తీరగ్రామములలో ఉప్పుగాలి పూతను పొరలుపొరలుగ ఊడ్చును. నైరృతి వానలు తగ్గిన తరువాత అక్టోబరు, నవంబరులలో తుపానుల భయముండును. కావున గోడపనికి డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనుకూలకాలము. మే నెలలో బడులకు సెలవులున్నను ఎండ తీవ్రతచే బహిరంగమున పిల్లలచేత పని చేయింపరాదు. పాతసున్నమును గోకి, పగుళ్ళు పూడ్చి, ప్రైమరు వేసి ఆరిన పిమ్మట నీటితో కలియు ఎమల్షను రంగులు వాడుట మంచిది. గృహాలంకరణ రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను కేంద్రనియమము 2016లో వెలువడి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. సీసము పసివారి మెదడుకు హానికరము గాన, డబ్బాపై ముద్రను చూడకుండ రంగు కొనరాదు. నిచ్చెనలు, పరంజాలు పెద్దలకే. పిల్లల పని వారి చేయి అందునంత మేర.

క్షేమమునకు హేతువులు

ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా కార్యాలయము 2019లో 3,000కు పైబడిన అధ్యయనములను పరిశీలించి, వ్యాధినివారణ, ఆరోగ్యవర్ధనము, చికిత్సలయందు కళలకు పాత్ర కలదని తేల్చెను. బాలల గోడచిత్రముల విషయమున ప్రత్యేకముగ కార్యకారణసంబంధము నిరూపించుట కష్టము. చిత్రము వేసిన పేటలోనే దీపములు, కాలువలు, పారిశుద్ధ్యము బాగుపడినచో ఫలము దేనిదో తెలియదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో గోడలపై పిచ్చివ్రాతలను అరికట్టుటకు ఆరంభమైన ప్రయత్నము యువకులచేత చిత్రములు వేయించు విస్తృత కార్యక్రమముగ పరిణమించుట ఈ మార్గమున ప్రసిద్ధమైన ఉదాహరణము.

హేతువులను మాత్రము స్థూలముగ చెప్పవచ్చును. తన పని నలుగురి కంట పడుటచే బాలునికి తానా ఊరివాడనను నమ్మిక కలుగును. బిడ్డ బొమ్మ చూచుటకు వచ్చిన తల్లిదండ్రులు అంతవరకు పలుకరింపని పొరుగువారిని పలుకరింతురు. తెలిసిన బిడ్డ చేయి పడిన గోడప్రక్క చెత్త వేయుటకు మనుష్యుడు జంకును. వృద్ధులకు ఇది తమ కాలపు చెరువును, చెట్టును పిల్లలకు చెప్పు అవకాశము. వారి మాట విని పిల్లలు గీచిన ఊరిపటము చరిత్రగ్రంథమున దొరకని సమాచారమును నిలుపును.

విపత్తులందు

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనయు, 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచిన వరదయు ఈ సీమ స్మృతిలో చెరగని ఘట్టములు. అదే దినములలో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వచ్చెను. విపత్తునుండి బయటపడిన బాలలు మాటలలో చెప్పలేనిదానిని గీతలో చెప్పుదురనుట సహాయకసంస్థలు అంగీకరించిన విషయము. పునరావాసకేంద్రములలో పిల్లలకు ఆటపాటలతోపాటు బొమ్మల చోటు ఏర్పరచుట ప్రపంచమంతట వాడుక. రెండవ ప్రపంచయుద్ధమున టెరెజిన్ నిర్బంధశిబిరములో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణి పిల్లలకు రహస్యముగ బొమ్మలు నేర్పెను. ఆ పిల్లలలో అత్యధికులు హతులైరి, వారి చిత్రములు నాలుగువేలకు పైబడి మిగిలి ప్రాగ్ నగరమున భద్రముగ నున్నవి. అయితే దుఃఖచిత్రములన్నియు ప్రదర్శనకు తగినవి కావు. నీటిలో మునిగిన యింటిని గీచిన బాలునికి ఆ చిత్రము వీధిలో వ్రేలాడుట ఊరట కావచ్చును, పుండు రేగుట కావచ్చును. నిర్ణయము బాలునిది, అతని పెద్దలది.

హక్కులు, న్యాయము

బాలల హక్కులపై 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశము 1992 డిసెంబరు 11న అంగీకరించెను. అందలి 12వ అధికరణము తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పు హక్కును, 31వది సాంస్కృతిక జీవనమున, కళలలో పాల్గొను హక్కును గుర్తించినవి. 1957 గ్రంథస్వామ్యచట్టము ప్రకారము చిత్రమునకు తొలి స్వామి దానిని గీచినవాడే. అతడు బాలుడైనను అంతే. కావున పోటీకి వచ్చిన చిత్రములను బాలుని, సంరక్షకుల అనుమతి లేక ప్రకటనలకు, క్యాలెండర్లకు వాడుట తగదు. ప్రజాస్థలముల వికృతీకరణను నిషేధించు 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఉన్నందున గోడయజమాని అంగీకారమును, నగరపాలక సంస్థ అనుమతిని వ్రాతమూలకముగ పొందవలెను. చిత్రము క్రింద బాలుని పేరు, వయస్సు చాలును. ఇంటిపేరు, బడి, చిరునామా వ్రాయరాదు.

విమర్శ, పరిమితులు

ప్రారంభోత్సవమునాడు పిల్లల చేతికి కుంచె ఇచ్చి ఛాయాచిత్రము తీసి, మిగిలిన పనిని కూలికి ముగించుట ఈ రంగమున తరచు కనబడు దోషము. బహుమతులు గెలుచుటలో శిక్షణకేంద్రములకు సొమ్ము చెల్లింపగల కుటుంబముల పిల్లలే ముందుండుట మరియొకటి. వలసకూలీల పిల్లలు, ఇటుకబట్టీల పిల్లలు, వికలాంగబాలలు పాల్గొనువారి పట్టికలలో అరుదు. మురుగు పారని పేటలో గోడకు రంగు వేయుట పారిశుద్ధ్యమునకు మారుగాదు; పిల్లలు మురుగునే గీచినచో దానిని చెరపక అధికారులకు చూపుట నిర్వాహకుల ధర్మము.

గోడచిత్రమునకు ఈ వాతావరణమున కొలది సంవత్సరములే ఆయువు. సంక్రాంతికి ముందు వెల్లవేయు ఆచారమున్న ఈ సీమలో పాతచిత్రము చెరపుట అపచారము కాదు. అయితే వెల్లవేయు దినమున ఆ చిత్రము గీచిన బాలలను పిలిచి, వారు పెద్దవారైనను పిలిచి, వారి చేతనే ఆ గోడను తరువాతి పిల్లలకు అప్పగింపించుట నిర్వాహకులు మరువరాదు.